మైఖేల్ ఫారడే

మైఖేల్ ఫారడే (సెప్టెంబరు 22, 1791 - ఆగష్టు 25, 1867) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ శాస్త్రవేత్త. విద్యుదయస్కాంత ప్రేరణ, విద్యుద్విశ్లేషణ నియమాలు, బెంజీను, డయా అయస్కాంతత్వం ఈయన కనుగొన్నవాటిలో ముఖ్యమైనవి. ఈయనకు బడిచదువు అంతంతమాత్రం. ఉన్నత గణితం రాదు. అయినప్పటికీ డైనమోకు, విద్యుత్ మోటారుకు, ట్రాన్స్‌ఫార్మరుకు మూలమైన సూత్రాలు ఈయన ప్రయోగశాలలోనే రూపుదిద్దుకొన్నాయి.

అయస్కాంత క్షేత్రంలో పారే నీటిలో విద్యుత్తు పుట్టాలని ఊహించి, ఒక నది మీద దానిని పరీక్షించి, ఫలితం రాబట్టలేకపోయినవాడు కూడా ఫారడేయే. ఈ వైఫల్యం పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించదు. నేడు ఎమ్మారై యంత్రంతో శరీర కణజాలాల విద్యుద్వాహకతను చిత్రించే పరిశోధకులకు ఎదురవుతున్న చిక్కులకు ఆ ప్రయోగంతో దగ్గరి చుట్టరికం ఉన్నది. అందుచేత ఈ వ్యాసంలో దానికి కొంత ఎక్కువ చోటు ఇవ్వబడింది. తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉన్నది. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతంలో ఒకప్పుడు తయారైన ఉక్కు ఏ కోవకు చెందినదో, ఆ కోవకు చెందిన ఉక్కు మీదనే ఫారడే తొలినాటి పరిశోధనలు కొన్ని జరిగాయి.

బాల్యం

ఫారడే లండను సమీపంలోని న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు లండను నగరంలో కలిసిపోయింది. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. ఉత్తర ఇంగ్లాండులోని ఒక పల్లె నుండి బ్రతుకుతెరువు కోసం రాజధానికి వచ్చినవాడు. నలుగురు సంతానంలో మైఖేల్ మూడవవాడు. తండ్రి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు కనుక ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు మాత్రమే బడిలో అబ్బాయి.

1804లో జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికుర్రవాడిగా చేరి, మరుసటి సంవత్సరం అక్కడే పుస్తకాల బైండింగు నేర్చుకొనడానికి ఏడేళ్ళ ఒప్పందం మీద కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టడంతో సరిపెట్టుకోక చదవడం మొదలుపెట్టాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి రసాయన శాస్త్రంపై వ్రాసిన పుస్తకం ఆయనను శాస్త్రం వైపు మళ్ళించాయి. (ఒక విజ్ఞాన సర్వస్వ వ్యాసం ఒక శాస్త్రవేత్తను తయారుచేసిందన్నది ఇటువంటి వ్యాసాలు వ్రాసేవారికి కాస్త ఉత్సాహం కలిగించే సంగతి.)

1812లో దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా వ్రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చి 1న అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం దొరికింది.

డేవీ నీడలో

అదే సంవత్సరం అక్టోబరులో డేవీ దంపతులతో కలిసి ఫారడే ఐరోపా యాత్రకు వెళ్ళాడు. ఆంపియర్, వోల్టా వంటి వారిని చూసే అవకాశం ఈ యాత్రలోనే కలిగింది. అయితే డేవీ పరిచారకుడు రానందున ఆ పనులు కూడా ఫారడే మీదనే పడ్డాయి. డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూసింది. ఒక దశలో అన్నీ వదిలి ఇంటికి పోదామని కూడా అనుకొన్నాడు. 1815 ఏప్రిల్‌లో లండనుకు తిరిగివచ్చాడు.

గురుశిష్యుల సంబంధం చివరి వరకు సాఫీగా సాగలేదు. 1821లో పాదరసం గిన్నెలో వ్రేలాడే తీగ, విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంతం చుట్టూ తిరుగుతుందని ఫారడే చూపాడు. విద్యుత్ మోటారుకు ఇది ఆది రూపం. ఈ విషయంపై అంతకుముందే ఆలోచిస్తున్న వొల్లాస్టన్ పేరును ఆయన తన వ్యాసంలో ప్రస్తావించలేదన్న అపవాదు వచ్చింది. 1824లో ఫారడే రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఎన్నికైనప్పుడు, సొసైటీ అధ్యక్షుడిగా ఉన్న డేవీ దానిని వ్యతిరేకించాడు. ఫారడే మాత్రం డేవీని గురించి గౌరవంగానే మాట్లాడేవాడు.

ఉక్కు పరిశోధన - ఆర్మూరు ప్రాంతం

1818 ప్రాంతంలో ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కుపై పరిశోధన ఆరంభించాడు. భారతదేశం నుండి వచ్చే వూట్జ్ ఉక్కు అప్పటి ఇంగ్లాండు ఉక్కు కంటే మేలైనదిగా పేరు తెచ్చుకొన్నది. వూట్జ్ అన్న మాట తెలుగు, కన్నడ భాషలలోని ఉక్కు అన్న మాటకు వికృత రూపమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1790లలో బొంబాయి నుండి జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపిన ఉక్కు దిమ్మలతో లండను శాస్త్రవేత్తలలో దీనిపై ఆసక్తి మొదలైంది.

ఈ ఉక్కుకు పేరుపడిన చోట్లలో ఒకటి, పసుపు పంటకు, పసుపు వ్యాపారానికి ప్రసిద్ధమైన ఆర్మూరు పట్టణానికి చేరువలో, కమ్మర్‌పల్లి మండలంలో ఉన్న కోనసముందర్ గ్రామం. మండల కేంద్రం పేరులోనే కమ్మరి వినిపిస్తాడు. ఇక్కడి పనివారు రెండు రకాల ఇనుమును తగుపాళ్ళలో కలిపి, మట్టి మూసలలో పెట్టి, మూతలు మెత్తి, కొలిమిలో కరిగించేవారు. పారశీక వర్తకులు ఈ ఉక్కు కోసం ఇంత దూరం వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా పేరొందినవి ఇటువంటి ఉక్కుతో చేసినవే. మహా త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఈ తయారీ విధానాన్ని స్వయంగా చూసి వ్రాశాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వర్ణన 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. వాయిసీ కొలిమి దగ్గర నిలబడి చూసినదీ, ఫారడే లండనులో అదే జాతి ఉక్కును ఆమ్లంలో కరిగించి పరీక్షించినదీ దాదాపు ఒకే కాలంలో. ఒకరి పని ఒకరికి చేరి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

ఎందుకంటే ఫారడే ఇక్కడ పొరబడ్డాడు. 1819లో ప్రకటించిన విశ్లేషణలో, ఈ ఉక్కు గుణానికి అందులోని అల్యూమినియం కారణమని ఆయన భావించాడు. అసలు కారణం కర్బనం. మూసలో ఇనుముతో కలిసిన కర్బనం, నెమ్మదిగా చల్లారేటప్పుడు కార్బైడులుగా ఏర్పడి కత్తి మీద నీటి అలల వంటి చారలను ఇస్తుంది. ఫారడే ప్రయోగాలతో ప్రేరణ పొంది, పారిస్ టంకశాల అధికారి బ్రెయాన్ 1820లలోనే ఈ సంగతి చూపాడు. ఫారడే, స్టోడార్ట్‌లు వెండి, ప్లాటినం, రోడియం వంటి లోహాలను ఉక్కుతో కలిపి అనేక మిశ్రమాలు చేశారు. 1823లో స్టోడార్ట్ మరణించాక ఈ పని క్రమంగా ఆగిపోయింది. ఫారడే ఒక పెట్టెలో దాచిన నమూనాలను సర్ రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ పరీక్షించి 1931లో ఒక గ్రంథం ప్రకటించాడు. మిశ్రలోహపు ఉక్కుల చరిత్ర ఫారడేతో మొదలవుతుందని చెప్పడానికి ఇదే ఆధారం.

అయస్కాంతం నుండి విద్యుత్తు

విద్యుత్తు వలన అయస్కాంతత్వం పుడుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ చూపాడు. దీనికి తిరుగుదారి ఉండాలని ఫారడే నమ్మకం. 1831 ఆగష్టు 29న ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒక తీగలో విద్యుత్తును ప్రవేశపెట్టినప్పుడు, ఆపినప్పుడు మాత్రమే రెండవ తీగకు కలిపిన సూచిక కదలడం గమనించాడు. అయస్కాంతత్వం ఉండడం కాదు, మారడం ముఖ్యం. ఇదే విద్యుదయస్కాంత ప్రేరణ. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళాన్ని త్రిప్పి నిలకడైన విద్యుత్తును పొందాడు. ఇది తొలి డైనమో.

రాగి పళ్ళెం తిరిగితే విద్యుత్తు పుట్టినప్పుడు, నీరు పారితే ఎందుకు పుట్టకూడదు? భూమి స్వయంగా ఒక అయస్కాంతం. ఉప్పు కలిసిన నది నీరు విద్యుద్వాహకం. కనుక నదికి అడ్డంగా, ఒక గట్టు నుండి మరొక గట్టుకు విద్యుత్తు ఏర్పడాలి. ఫారడే ఆలోచన ఇది.

థేమ్స్ నది ప్రయోగం

1832 జనవరిలో ఫారడే లండనులోని వాటర్లూ వంతెన పిట్టగోడ మీదుగా 960 అడుగుల రాగి తీగను పరిచాడు. రెండు చివరల నుండి లోహపు రేకులను నీటిలోకి దింపాడు. తీగ, నది కలిసి ఒక విద్యుద్వలయం అయ్యాయి. మధ్యలో గాల్వనామీటరు. థేమ్స్ నదిలో సముద్రపు పోటుపాటులకు నీరు ఒకసారి ఎగువకు, ఒకసారి దిగువకు పారుతుంది. విద్యుత్తు నీటి కదలిక వల్లనే పుట్టినదైతే, నీరు దిశ మార్చినప్పుడు ముల్లు కూడా దిశ మార్చాలి. పరీక్ష ఇంత స్పష్టమైనది.

ముల్లు కదిలింది, కానీ తోచినట్లు కదిలింది. నదికి రెండు వైపులా నీటి స్వచ్ఛతలో తేడా, ఉష్ణోగ్రతలో తేడా, రేకులలో తేడా, వాటికి వేసిన టంకంలో తేడా, తీగలు మెలివేసిన చోట అతుకులో తేడా: ఒక్కొక్కటీ దాని విద్యుత్తును అది పుట్టిస్తున్నది. మూడు రోజులు ప్రయత్నించి కోరిన ఫలితం రాలేదని ఫారడే ఒప్పుకొన్నాడు. ఆ జనవరి 12న రాయల్ సొసైటీలో చేసిన బేకరియన్ ఉపన్యాసపు విషయంలో ఈ వైఫల్యాన్ని దాచకుండా, పైన చెప్పిన కారణాలన్నింటితో సహా నమోదు చేశాడు. ఇంగ్లీషు ఛానెల్ వంటి జలసంధిలో ఈ ప్రభావం కనిపించవచ్చునని కూడా సూచించాడు. తరువాతి కాలంలో సముద్రగర్భ తీగలతో అది నిజమని తేలింది.

నేటి లెక్కలతో చూస్తే ఆయన ఎందుకు ఓడిపోయాడో తెలుస్తుంది. ప్రవాహానికి అడ్డంగా పుట్టే వోల్టేజి అయస్కాంత క్షేత్రం, నీటి వేగం, నది వెడల్పు ఈ మూడింటి లబ్ధం. లండనులో భూ అయస్కాంత క్షేత్రపు నిలువు భాగం సుమారు 45 మైక్రోటెస్లాలు. నీరు సెకనుకు ఒక మీటరు పారితే, 290 మీటర్ల వెడల్పుకు వచ్చేది 13 మిల్లీవోల్టులు. నది అడుగున ఉన్న తడి మట్టి గుండా ఇందులో కొంత పోతుంది. నీటిలో ముంచిన రెండు రేకులు కాస్త వేరుగా ఉన్నా చాలు, ఇంతకు మించిన వోల్టేజి వస్తుంది. సూత్రం సరియైనదే, కొలిచే సాధనం, చోటు సహకరించలేదు. ఫారడే తీగ పరచిన వంతెన ఇప్పుడు లేదు. దానిని 1930లలో పడగొట్టి కొత్తది నిర్మించారు.

పసుపు కాగితం

1832-34 మధ్య ఫారడే విద్యుద్విశ్లేషణపై పనిచేశాడు. విద్యుత్తు ద్రావణాన్ని విడగొట్టినప్పుడు ఆమ్లం ఎటు చేరినదీ, క్షారం ఎటు చేరినదీ తెలుసుకొనడానికి ఆయన వాడినవి లిట్మస్ కాగితం, పసుపు కాగితం. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలుసు. సోడియం సల్ఫేటు ద్రావణంలో తడిపిన పసుపు కాగితం క్షారం చేరిన కొసన ఎర్రబడడం చూసి, రాపిడి యంత్రం విద్యుత్తూ, బ్యాటరీ విద్యుత్తూ చేసే పని ఒకటేనని ఆయన నిరూపించాడు. ప్రవహించిన విద్యుత్తు ఎంతో, విడిపోయిన పదార్థం దానికి అనుపాతంలో ఉంటుందన్నది ఫారడే మొదటి నియమం. ఎలక్ట్రోడు, అయాన్, ఆనోడు, కాథోడు అనే మాటలు విలియం హ్యూవెల్ వంటి పండితులను సంప్రదించి ఫారడే వాడుకలోకి తెచ్చినవే. శరీరంలోని ద్రవాలు విద్యుత్తును మోయడానికి కారణం కూడా ఈ అయాన్లే.

క్షేత్రం, రక్తం

1840 ప్రాంతంలో ఫారడే ఆరోగ్యం దెబ్బతిన్నది, జ్ఞాపకశక్తి తగ్గింది. కొన్ని సంవత్సరాలు పరిశోధన దాదాపు ఆగిపోయింది. కోలుకొన్నాక 1845 సెప్టెంబరులో, అయస్కాంత క్షేత్రం కాంతి ధ్రువణ తలాన్ని త్రిప్పుతుందని కనుగొన్నాడు. నవంబరులో, ఇనుము వంటి లోహాలే కాక గాజు, చెక్క, మాంసం వంటివన్నీ అయస్కాంతానికి స్పందిస్తాయనీ, వాటిలో చాలా వస్తువులు క్షేత్రం నుండి వెనక్కు తొలగుతాయనీ చూపాడు. ఇదే డయా అయస్కాంతత్వం.

ఈ వరుసలోనే ఎండిన రక్తాన్ని పరీక్షించాడు. రక్తంలో ఇనుము ఉన్నా అది అయస్కాంతానికి ఆకర్షింపబడలేదు. తాజాగా ఉన్న ద్రవ రక్తాన్ని కూడా పరీక్షించాలని దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆక్సిజను ఉన్న రక్తం, లేని రక్తం అయస్కాంతం ముందు వేరువేరుగా ప్రవర్తిస్తాయని తేల్చడానికి 1936లో పాలింగ్, కోరియెల్ రావలసివచ్చింది. మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదో ఎమ్మారైలో చూపే పద్ధతి 1990లో సేజీ ఒగావా కృషితో దీని మీదనే నిలబడింది.

శూన్యంలో కూడా బలరేఖలు ఉంటాయన్న ఫారడే భావనను సమకాలిక గణితజ్ఞులు పెద్దగా పట్టించుకోలేదు. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ దానిని సమీకరణాలలోకి మార్చాక గాని దాని విలువ తెలియలేదు.

వ్యక్తిగత జీవితం

1821 జూన్ 12న సారా బార్నార్డ్‌ను వివాహమాడాడు. వీరికి సంతానం లేదు. సాండెమానియన్ అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ఫారడే జీవితాంతం నిరాడంబరంగా ఉన్నాడు. నైట్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వద్దన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు పందొమ్మిది సార్లు ఇచ్చాడు. క్రొవ్వొత్తిపై చేసిన ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి. దీపస్తంభాల నిర్వహణ, గనులలో ప్రేలుళ్ళు వంటి ప్రజోపయోగ విషయాలలో ప్రభుత్వానికి సలహాదారు. 1855లో థేమ్స్ నది మురికిని, తెల్ల కాగితపు ముక్కలు ఎంత లోతులో కనుమరుగవుతాయో చూసి అంచనా కట్టి పత్రికకు లేఖ వ్రాశాడు. తనకు ఫలితం ఇవ్వని నదిని ఆయన మరచిపోలేదన్నమాట.

1858 నుండి హాంప్టన్ కోర్టులో రాణి ఇచ్చిన ఇంటిలో ఉన్నాడు. 1867 ఆగష్టు 25న అక్కడే మరణించాడు. లండనులోని హైగేట్ శ్మశానంలో సమాధి ఉన్నది. పదహారు వేలకు పైగా వరుస సంఖ్యలు వేసిన పేరాలతో ఆయన ప్రయోగ దినచర్య మిగిలింది.

పారే రక్తం, ఎమ్మారై

వాటర్లూ వంతెన మీద దొరకని ప్రభావం రక్తనాళంలో దొరికింది. 1936లో అలెగ్జాండర్ కోలిన్, రక్తనాళానికి అయస్కాంతం అమర్చి, అడ్డంగా పుట్టే వోల్టేజిని బట్టి రక్తపు వేగాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఎమ్మారై వచ్చాక ఇదే ప్రభావం అక్కరలేని అతిథి అయింది. నేటి ఆసుపత్రులలో వాడే 3 టెస్లాల యంత్రంలో క్షేత్రం భూ క్షేత్రానికి సుమారు 60 వేల రెట్లు. రెండున్నర సెంటీమీటర్ల బృహద్ధమనిలో రక్తం సెకనుకు అర మీటరు వేగంతో క్షేత్రానికి అడ్డంగా పారితే పుట్టేది సుమారు 37 మిల్లీవోల్టులు. అంటే థేమ్స్ నది మొత్తానికి రావలసిన దానికి మూడు రెట్లు ఒక బొటనవ్రేలి లావు గొట్టంలో వస్తున్నది. యంత్రంలో క్షేత్రం మనిషి పొడవునా ఉంటుంది కనుక, బృహద్ధమని వంపు తిరిగి క్షేత్రాన్ని అడ్డంగా దాటే చోట ఈ ప్రభావం ఎక్కువ. అందులో కొద్ది భాగమే చర్మం వరకు చేరినా, మిల్లీవోల్టు స్థాయిలో ఉండే ఇ.సి.జి.లోని టి తరంగాన్ని అది ఉబ్బించి చూపుతుంది. గుండె లయకు అనుగుణంగా చిత్రాలు తీయవలసిన సాంకేతిక నిపుణులకు ఇది తలనొప్పి.

వాహకతను చిత్రించే పద్ధతిలో ప్రవాహం మరొక దారిలో అడ్డుపడుతుంది. ఎమ్మారైలో శరీరంలోని హైడ్రోజను కేంద్రకాలను రేడియో తరంగంతో కదిపి, అవి తిరిగి పంపే సంకేతాన్ని ఒక తీగచుట్టతో గ్రహిస్తారు. చుట్టలో సంకేతం పుట్టడానికి కారణం 1831 నాటి ప్రేరణ నియమమే. రేడియో తరంగం శరీరంలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. వాహకత ఎక్కువైన చోట ఇవి ఎక్కువ. వీటి వలన సంకేతపు దశ చిత్రంలో ఒక వంపు ఏర్పడుతుంది. ఆ వంపును కొలిస్తే వాహకత తెలుస్తుంది. 3 టెస్లాల వద్ద మెదడులోని తెల్లని పదార్థం వాహకత మీటరుకు సుమారు 0.34 సీమెన్స్, మస్తిష్కమేరుద్రవానిది 2కు పైగా. కొన్ని కణితులలో వాహకత పెరుగుతుంది కనుక వైద్యానికి ఇది పనికివస్తుందని ఆశ.

చిక్కు ఏమిటంటే, చిత్రం గీయడానికి వాడే క్షేత్ర ప్రవణతలో కదిలే ద్రవం తన వేగానికి అనుపాతంలో అదనపు దశను కూడగట్టుకొంటుంది. ప్రవాహం వలన అనునాద సంకేతం మారుతుందన్నది పాత విషయమే. 1951లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జి. సూర్యన్ గొట్టంలో పారే ద్రవంతో దీనిని చూపాడు. గొట్టంలో నెమ్మదిగా పారే ద్రవం నడుమ వేగంగా, గోడల వద్ద ఆగినట్లు ఉంటుంది. వేగాన్ని గీస్తే అది ఒక పరావలయం. పరావలయానికి వంపు అంతటా ఒకటే. కొలిచేది వంపునే కనుక, ఆ ప్రవాహం యంత్రానికి అచ్చం అదనపు వాహకత వలెనే కనిపిస్తుంది. దిశ మారితే లోటు వలె కనిపిస్తుంది. ప్రతి గుండె కొట్టుకొనుడుకూ ముందుకు వెనుకకు ఊగే మస్తిష్కమేరుద్రవంలో, సన్నని రక్తనాళాలలో ఇది మరీ తీవ్రం. రెండు రేకుల మధ్య తేడాను నది ప్రవాహంగా పొరబడే ప్రమాదం ఫారడేకు ఎదురైతే, ప్రవాహాన్ని కణజాల లక్షణంగా పొరబడే ప్రమాదం నేటివారికి ఎదురవుతున్నది.

పరిష్కారం కూడా వాటర్లూ వంతెన మీద ఫారడే అనుకొన్నటువంటిదే. ప్రవణత దిశను తిప్పి మరొకసారి చిత్రం తీస్తే, ప్రవాహం వలన వచ్చిన దశ గుర్తు మారుతుంది. వాహకత వలన వచ్చినది మారదు. రెండింటి సగటు తీస్తే ప్రవాహపు దశ చాలావరకు కొట్టుకుపోతుంది. రెండు చిత్రాల మధ్యలో ప్రవాహ వేగం మారకుండా ఉండాలి. అందుకోసం గుండె లయను బట్టి చిత్రాలు తీయాలి. లయను చెప్పవలసిన ఇ.సి.జి.నేమో పైన చెప్పిన వోల్టేజి చెడగొడుతుంది. అందువలన వేలికి తగిలించే నాడి సూచికను కూడా వాడుతున్నారు. ఎమ్మారై గదికి గోడలలో రాగి రేకులు తాపడం చేసి బయటి రేడియో తరంగాలను అడ్డుకొంటారు. ఆ ఏర్పాటును ఫారడే పంజరం అంటారు. దాని మూలమైన ప్రయోగాన్ని ఆయన 1836లో చేశాడు.